రెండో పళ్ళెం

ఇవాళ మధ్యాహ్నం ఒక తప్పు చేశాను. నోరు తెరిచి మాట్లాడవలసిన చోట తల ఊపి ఊరుకున్నాను.

యూనివర్సిటీలో కావ్య సెమినార్ అది. కావ్యది హనుమకొండ. నాలుగేళ్ళ కిందట స్కాలర్‌షిప్ మీద బ్రిస్బేన్ వచ్చింది. నేను ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పిన డిపార్ట్‌మెంటులోనే పిహెచ్‌డి చేస్తోంది. ఆమె ఎంచుకున్న విషయం కూడా నాదే: నాలుగువందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషు నాటకాలకూ, అవి ఆడిన ఊళ్ళోనే అదే కాలంలో పుడుతున్న సైన్సుకూ ఉన్న సంబంధం. నేను రిటైరై మూడేళ్ళయింది కాబట్టి ఆమెకు గైడును కాను. ముందు వరసలో కూర్చోబెట్టిన పెద్దమనిషిని, అంతే.

మూడో అధ్యాయం గురించి చెబుతూ ఆమె ఒక స్లయిడు వేసింది. రెండో పళ్ళెం చిక్కు విప్పింది వెంకట్రావుగారు, అని దాని మీద ఉంది. చదివి నా వైపు చూసింది. గదిలో వాళ్ళంతా చూశారు. నేను తల ఊపాను. ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆ చిక్కు విప్పింది నేను కాదు.

బయట వరండాలో కావ్య వచ్చి, "సార్, మీరొచ్చిన్రు, చాలా హ్యాపీ. నిజం చెప్తున్న, మీ ఆర్టికల్ లేకుంటే నా థర్డ్ చాప్టరే లేదు. త్రీ వీక్స్‌ల సబ్మిట్ చేస్తున్న" అంది.

"బాగా చెప్పావమ్మా" అన్నాను. అప్పుడైనా చెప్పవచ్చు. కారెక్కి సన్నీబ్యాంక్‌లోని మా ఇంటికి వచ్చేశాను.

ఈ రంగంలోకి వస్తున్న మన పిల్లల కోసం ఏదైనా రాయమని ఇక్కడి మిత్రులు కొందరు చాలాకాలంగా అడుగుతున్నారు. రాసి పెట్టుకున్న పేజీలు కొన్ని ఉన్నాయి. ఇంటికొచ్చి చూస్తే వాటిలో నేను చాలా మంచివాణ్ణి. వాటిని పక్కన పెట్టి ఇది మొదలుపెట్టాను.

పని

సాహిత్యం పాఠం చెప్పేవాడికి సైన్సుతో ఏం పని అని మన ఇళ్ళలో అడుగుతారు. నన్నూ అడిగారు. నాకు తెలిసిన జవాబు ఇది. ఆ కాలంలో నాటకం రాసేవాడికి తను సాహిత్యంలో ఉన్నానని తెలియదు. గాజు బుడ్డీలో పాదరసం మరిగించేవాడికి తను సైన్సులో ఉన్నానని తెలియదు. ఇద్దరూ ఒకే వీధిలో తిరిగారు. మందుగుండు, గాజుసామాను, రంగులు, లవణాలు ఇద్దరికీ కావాలి. ఇద్దరికీ జనం కూడా కావాలి. నలుగురు చూడనిదే నాటకం లేదు. నలుగురు చూసి ఔనననిదే ప్రయోగమూ లేదు. రసవాదిని దొంగగా చూపించి నవ్వించిన నాటకాలు అప్పుడు చాలా వచ్చాయి. వాటిని చూసి నవ్విన జనమే మర్నాడు మరో చోట నిజమైన ప్రయోగం చూడటానికి వెళ్ళి ఉంటారు. నమ్మడం, నమ్మకపోవడం, మళ్ళీ చూపించమనడం వాళ్ళకు నాటకశాలలోనే కొంత అలవాటైంది.

ఇదంతా నేను పాఠాల్లో బాగా చెప్పేవాణ్ణి. ఆచరణలో మాత్రం రంగస్థల సూచనలను, అంటే పాత్ర ఏం చేస్తుందో, వేదిక మీద ఏం కనపడుతుందో చెప్పే ఆ చిన్న వాక్యాలను, ఎప్పుడూ వస్తువులుగా చూడలేదు. ఉరుమంటే దేవుడి కోపం, నెత్తురంటే అంతరాత్మ అని చెబుతూ పోయాను.

ఒకసారి ఒక ఇంజనీరింగ్ కుర్రాడు క్రెడిట్ల కోసం నా క్లాసులో చేరాడు. నేను ఒక నాటకంలో తోకచుక్క కనపడే ఘట్టం చెబుతున్నాను. ప్రజల భయం, రాజ్యం కుదుపు అంటూ అరగంట నడిచింది. ఆ కుర్రాడు చెయ్యెత్తాడు.

"అప్పుడు నాటకాలు మధ్యాహ్నం కదా వేసేది? పైకప్పు కూడా లేదన్నారు. పట్టపగలు తోకచుక్క ఎలా కనపడింది?"

"ప్రేక్షకుల ఊహలో" అన్నాను.

"మరి కనపడింది అని ఎందుకు రాశారు?"

క్లాసు నవ్వింది. నేనూ నవ్వి ముందుకు పోయాను. తరవాత వాకబు చేస్తే తెలిసింది: తీగ మీద మందుగుండు కాల్చి లాగేవారట. నిప్పు సరిగా కనపడకపోయినా పొగ తోక కనపడుతుంది. ఈ సంగతి నాకు చెప్పింది మా యూనివర్సిటీ థియేటర్లో లైట్లు బిగించే మనిషి. నా ఆఫీసు నుంచి అతని వర్క్‌షాపుకు మూడు నిమిషాల నడక. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి పదకొండేళ్ళు. అక్కడికి ఒక్కసారీ వెళ్ళలేదు.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకు నా మొదటి మాట: ఆ మూడు నిమిషాలు నడవండి. నాకు ఆ పాఠం అందింది గానీ ఒంటబట్టలేదు. ఒంటబట్టి ఉంటే హెలెన్ విషయంలో అలా చేసి ఉండేవాణ్ణి కాదు.

హెలెన్

హెలెన్ నా రెండో పిహెచ్‌డి విద్యార్థి. కెమిస్ట్రీలో డిగ్రీ చేసి, నాటకాల మీద ఇష్టంతో మా వైపు వచ్చింది. తక్కువ మాట్లాడేది. అడిగితే నోట్‌బుక్ తెరిచి చూసి చెప్పేది.

ఆమెకు నేనిచ్చిన నాటకాల్లో ఒకటి పెద్దగా ఎవరూ చదవనిది. ఒకేసారి అచ్చయింది, రాసినవాడెవరో తెలియదు. అందులో ఒక పనిమనిషి మీద యజమానురాలికి విషం పెట్టిందని నేరం మోపుతారు. న్యాయస్థానానికి ఒక వైద్యుడు వస్తాడు. నిందితురాలి చేతిలో ఒక పసుపుపచ్చ గుడ్డ పెట్టి, దాన్ని పళ్ళెంలోని నీళ్ళలో ముంచమంటాడు. గుడ్డ నెత్తురు రంగులోకి మారుతుంది. అందరూ హంతకురాలని అరుస్తారు. సరిగ్గా అక్కడ ఒక సూచన ఉంది: రెండో పళ్ళెం తెస్తారు. ఆ పళ్ళెం గురించి ఎవరూ ఒక్క మాట అనరు. కాస్సేపటికి ఆమెను వదిలేస్తారు. ఎందుకు వదిలారో తెలియదు. రెండో పళ్ళెం అచ్చుతప్పు అని, నకలు రాసినవాడి పరాకు అని మా వాళ్ళు వదిలేశారు. గుడ్డ ఎర్రబడటం అపరాధభావానికి గుర్తు అని నేను పాఠం చెప్పేవాణ్ణి.

హెలెన్ ఒక అధ్యాయం రాసి తెచ్చింది. ఆ గుడ్డ నిజంగానే ఎర్రబడింది అని అందులో ఉంది. పసుపులో తడిపి ఆరబెట్టిన గుడ్డ. మొదటి పళ్ళెంలో సున్నపు తేట గానీ బూడిద నీళ్ళు గానీ. రెండో పళ్ళెంలో వెనిగర్. ఎర్రబడ్డ గుడ్డను అందులో ముంచితే మళ్ళీ పసుపు అవుతుంది. మాటలు అక్కర్లేదు, జనం కళ్ళతో చూస్తారు. వైద్యుడి రుజువు మోసమని అక్కడ తేలిపోతుంది. అందుకే ఆమెను వదిలారు. ఒక్కసారి చూసి తీర్పు చెప్పవద్దు, ఇంకోలా చేసి చూడు అని ఆ నాటకం చెబుతోందని హెలెన్ వాదన. ఇంట్లో చేసి చూసింది కూడా. ఎంతసేపటికి రంగు మారుతుందో, ఎన్ని అడుగుల దూరం నుంచి కనపడుతుందో పట్టిక వేసింది.

నేను గుంటూరు జిల్లా వాణ్ణి. పసుపులో సున్నం కలిపితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో దిష్టి తీసిన ప్రతిసారీ ఆ ఎర్రనీళ్ళు చూశాను. ఆమె పేజీలు చదువుతుంటే నాకు కలిగింది ఆశ్చర్యం కాదు, భయం.

ఎందుకో చెప్పాలి. నేను చేరిన కొత్తలో మా హెడ్ గ్రెగ్ అనే ఆయన. చెడ్డవాడు కాదు. నాకు ఉద్యోగం ఇచ్చింది ఆయనే. ఒక మీటింగులో నేను ఆ కాలపు రంగస్థల రంగుల గురించి చెబుతూ మా వైపు పద్యనాటకాల్లో ముఖాలకు పూసే అర్దళం సంగతి ఎత్తాను. గ్రెగ్ నవ్వుతూ, "చూశారా, వెంకట్ మసాలా డబ్బా కూడా వెంట తెచ్చుకున్నాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను. ఆ రోజు నుంచి మా ఊరిని నా పాఠాల్లోకి రానివ్వలేదు. ఇంగ్లీషు వాళ్ళ నాటకాన్ని ఇంగ్లీషు వాళ్ళకన్నా ఇంగ్లీషుగా చదవాలని పెట్టుకున్నాను. అలాంటి నా విద్యార్థి థీసిస్‌లో పసుపు, సున్నం! పరీక్షకులు ఆమెను కాదు, నన్ను చూసి నవ్వుతారనుకున్నాను.

గ్రెగ్ అన్నది ఒక్క మాట. దాన్ని ఇరవై ఏళ్ళు మోసింది నేను. తప్పు ఆయన మీద పెట్టడానికి ఇది రాయడం లేదు.

హెలెన్‌ను పిలిచాను. మాటలు ఇంగ్లీషులో జరిగాయి, తెలుగులో రాస్తున్నాను.

"ఈ అధ్యాయం తీసెయ్" అన్నాను.

"తప్పుందా?"

"తప్పొప్పులు కాదు. ఇది మన పని కాదు."

"మీరు చేసి చూశారా?"

"చెయ్యక్కర్లేదు."

ఆమె నోట్‌బుక్ మూసి, "సరే వెంకట్" అంది. ఇక్కడ విద్యార్థులు పేరు పెట్టి పిలుస్తారు. ఆ 'సరే'లో కోపం ఏమీ వినపడలేదు. అందుకే నాకు తేలిక అయింది.

ఆ అధ్యాయం పోయాక థీసిస్‌లో మిగిలింది తక్కువ. శ్రద్ధగా చేసిన పని, కొత్తదనం లేదు అని పరీక్షకులు రాశారు. లెక్చరర్ ఉద్యోగాలకు నేనిచ్చిన సిఫారసులోనూ శ్రద్ధ అన్న మాటే వాడాను. మా రంగంలో ఆ మాటకు అర్థం ఏమిటో చదివేవాళ్ళకు తెలుసు, రాసేవాళ్ళకూ తెలుసు. ఆమెకు ఎక్కడా రాలేదు. బి.ఎడ్ లాంటిది చేసి స్కూల్లో కెమిస్ట్రీ చెబుతోందని తరవాత విన్నాను.

నా వ్యాసం

ఎనిమిదేళ్ళు గడిచాయి. కాలం మారింది. వస్తువులు, వంటకాలు, రంగులు, వాసనలు మా రంగంలో గౌరవమైన విషయాలయ్యాయి. ఇండియా నుంచి వచ్చినవాడు పసుపు గురించి మాట్లాడితే నవ్వకపోగా రాసుకునే రోజులొచ్చాయి. ఒక ఉదయం నాకు రెండో పళ్ళెం గురించి ఆలోచన 'వచ్చింది'. వెనిగర్ అనుకున్నాను. మా ఇంట్లో ఎర్రనీళ్ళ జ్ఞాపకంతో వ్యాసం మొదలుపెట్టాను. బాగా పేరొచ్చింది. నా రిటైర్మెంట్ సభలో మాట్లాడిన ముగ్గురూ దాన్నే ఎత్తారు.

హెలెన్ సంగతి మర్చిపోయావా అని అడిగితే, మర్చిపోయాననే చెప్పేవాణ్ణి. ఇవాళ ఇంటికొచ్చి గరాజులో పాత పెట్టెలు దించాను. మూడో పెట్టెలో ఆ అధ్యాయం దొరికింది. మొదటి పేజీ మీద నా ఎర్ర సిరా: "ఇది విమర్శ కాదు, వంటగది." లోపల ఏడో పేజీలో ఒక వాక్యం కింద సన్నగా గీత. ఆ గీత పెన్సిల్‌తో ఉంది. దిద్దిన రోజు నేను పెన్సిల్ వాడలేదు. అంటే తరవాత ఎప్పుడో మళ్ళీ తీసి చదివాను. ఆ వాక్యం నా వ్యాసంలో రెండు మాటల తేడాతో ఉంది.

తెలిసి చేశావా అంటే, తెలియకుండా ఉండటానికి జాగ్రత్తపడ్డాను. అంతకన్నా మర్యాదైన మాట నాకు దొరకడం లేదు.

నా భార్య సుజాత గరాజు గుమ్మంలోకి వచ్చింది. ఆమె ఇక్కడే మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైంది.

"ఏవిటండీ, టీ చల్లారిపోతోంది. ఆ దుమ్ములో ఏం వెతుకుతున్నారు?"

చెప్పాను. మొత్తం చెప్పాను. ఆమె కాగితం తీసుకుని ఎర్ర సిరా చదివింది.

"మన పెళ్ళిలో ఎర్రనీళ్ళు తిప్పింది మీ మేనత్తే కదా. ఆవిణ్ణడిగినా చెప్పేది దాన్లో ఏం కలిపారో. ఈ పిల్ల కష్టపడి కనుక్కుని చెబితే వంటగది అని రాశారా! వంటగదంటే అంత చులకనా మీకు? నలభై ఏళ్ళుగా అక్కణ్ణించే కదా తింటున్నారు."

"తప్పే."

"నాకు చెబితే ఏం లాభం? ఆ కావ్యకి ఫోన్ చేస్తారా, నన్ను చెయ్యమంటారా?"

ఫోన్ చేశాను. కావ్య బస్సులో ఉంది.

"సార్, అంటే... అంతమంది ముందట నేను తప్పు చెప్పిన్నా?"

"నువ్వు కాదమ్మా. నేను."

"మీరు అక్కడ్నే ఉన్నరు కద. చూసిన్రు, తల ఊపిన్రు. నా చాప్టర్ మొత్తం మీ ఆర్టికల్ మీదనే నిలవడ్డది సార్. త్రీ వీక్స్ ఉంది. ఇప్పుడు చెప్తున్రు. ఆమె నంబర్ కావాలె నాకు."

"ముందు నేను వెళ్ళి మాట్లాడతాను. ఆమె ఏమందో నీకు చెబుతాను."

"మీరు మాట్లాడున్రి. కానీ ఆమెను నేనే అడుగుత. మళ్ళ మీరు చెప్పిందే రాస్తే ఎట్ల సార్? గదే తప్పు కద మొదటిసారి చేసింది."

నంబరు దొరకగానే పంపుతానని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఇవాళ్టికి ఇక్కడ ఆపుతున్నాను.

పదకొండు రోజుల తరవాత

హెలెన్ ఇప్స్‌విచ్ వైపు ఒక హైస్కూల్లో పనిచేస్తోంది. ఈమెయిల్ రాస్తే, మంగళవారం స్కూల్ వదిలాక రమ్మంది. ల్యాబులో కూర్చున్నాం. జుట్టు నెరిసింది. నోట్‌బుక్ అలవాటు పోలేదు.

నేను ఆమె అధ్యాయం బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను.

"తెలుసు" అంది. "వ్యాసం వచ్చినప్పుడే చదివాను. మీకు రాద్దామని కూర్చున్నాను. ఇంతలో నైన్త్ క్లాస్ వాళ్ళకు బెల్ కొట్టారు."

"ఆ తరవాత?"

"ఆ తరవాత కూడా రోజూ బెల్ కొట్టారు."

క్షమించమని అడిగాను. ఆమె దానికి ఔననలేదు, కాదనలేదు. "ఒకటి చెప్పండి. వ్యాసం రాశారు కదా. అప్పుడైనా చేసి చూశారా?"

లేదు. ఆ గుడ్డ పేరు మీద ఇన్నేళ్ళు బతికి ఒక్కసారీ ముంచి చూడలేదు.

ఆమె లేచి అలమర తెరిచింది. పసుపు రంగు గుడ్డముక్కలు ఒక డబ్బాలో సిద్ధంగా ఉన్నాయి. ప్రతి ఏడూ పిల్లలకు చూపిస్తుందట, ఆ నాటకం కథ చెప్పి మరీ. రెండు పళ్ళేలు నా ముందు పెట్టింది. మొదటిదాంట్లో ముంచాను. వెంటనే ఎర్రబడింది. అంత ఎరుపని నేను అనుకోలేదు. అలా చూస్తూ ఉండిపోయాను. రెండోదాంట్లో ముంచాను. పసుపు తిరిగి వచ్చింది, కానీ పూర్తిగా రాలేదు. మధ్యలో గోధుమరంగు మరక మిగిలింది.

"ఇదేమిటి?" అన్నాను.

"మొదటిదాంట్లో ఎక్కువసేపు ఉంచేశారు" అంది హెలెన్, పళ్ళెం కడుగుతూ.

నా వ్యాసం అచ్చువేసిన పత్రికకు పంపడానికి ఒక లేఖ రాసుకెళ్ళాను. రెండు పేజీలు. చదివి అభ్యంతరం ఉంటే చెప్పమన్నాను. ఆమె జేబులోంచి ఎర్ర పెన్ను తీసింది. ఆనాటి డిపార్ట్‌మెంట్ వాతావరణం గురించి రాసిన పేరా కొట్టేసింది. గ్రెగ్ పేరు కొట్టేసింది. 'తెలియకుండానే' అన్న మాట కొట్టేసింది. తన శ్రద్ధను మెచ్చుకున్న వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగి, దాన్నీ కొట్టేసింది. నేను ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆ రోజుల్లో ఆమె నా గదిలో కూర్చున్నట్టే.

కావ్య ఆ మర్నాడే తనంతట తాను వెళ్ళి, పట్టికతో సహా ఆ అధ్యాయం నకలు తెచ్చుకుంది. మూడో అధ్యాయం తిరగరాస్తోంది. నెల రోజులు గడువు అడిగింది, ఇచ్చారు. నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. ఆ రోజు సెమినార్‌కు వచ్చినవాళ్ళందరికీ నేను విడిగా ఉత్తరం పంపాను.

నా లేఖలో చివరికి మిగిలినవి రెండు వాక్యాలు. రెండో పళ్ళెంలో వెనిగర్ ఉందని కనుక్కుని, చేసి చూసి, నా కన్నా ఎనిమిదేళ్ళు ముందు రాసింది నా విద్యార్థి హెలెన్. ఆ అధ్యాయాన్ని తీసేయించింది నేను, తరవాత నా పేరుతో అచ్చువేసుకున్నదీ నేను.

నిన్న ఉదయం ఆ రెండే పంపాను.